చేపలకు రోజూ చెక్క పెట్టాలా?

మా నాయన చేను పక్క కుంటలో బొచ్చె, శీలావతి చేపలు పెంచుతాడు. రోజూ తవుడులో వేరుశనగ చెక్క కలిపి వేస్తాడు. చెక్క కొన్న అప్పు ఇంకా తీరలేదు. అందుకే ఈ సంగతి తెలుసుకొని రాస్తున్నాను.

చేప ఒళ్లు పెరిగేది మాంసకృత్తుల వల్ల. అవి చెక్కలో ఎక్కువ, తవుడులో తక్కువ. కానీ మరీ ఎక్కువ పెడితే అంతా కండ కాదు. మిగిలింది ఒంట్లో ఖర్చయిపోయి, అమ్మోనియాగా మొప్పల్లోంచి నీళ్లలోకి పోతుంది. డబ్బు పోతుంది, నీళ్లూ చెడతాయి.

1985లో డి సిల్వా అనే శాస్త్రవేత్త తిలాపియా పిల్లలకు మాంసకృత్తులు తక్కువున్న మేత, ఎక్కువున్న మేత రోజులు మార్చి పెట్టి చూశారు. కొన్ని పద్ధతుల్లో అవి రోజూ మంచి మేత తిన్నవాటితో ఇంచుమించు సమానంగా పెరిగాయి. తర్వాత మన దేశంలో బొచ్చె, శీలావతికి కూడా ఇట్ల పెట్టి చూస్తే మేత ఖర్చు తగ్గింది.

సెలవులకు పోయినప్పుడు నాయనతో చెప్తాను. ఒకరోజు చెక్క ఎక్కువ, మర్నాడు తవుడు ఎక్కువ. పదిహేను రోజులకోసారి వల వేసి కొన్ని చేపలు తూచాలి. పెరగకపోతే మళ్లీ పాత పద్ధతే. నాయనకు రాయడం రాదు. మొదటి లెక్క నేనే రాసి, తర్వాతవి తమ్ముడికి నేర్పి వస్తాను.

వార్డెన్ మేడమ్ గారూ, ఇది చేపలకు మాత్రమే. మా కోడిగుడ్లు తగ్గించకండి!

— 9వ తరగతి విద్యార్థిని