పటము మొదలు పటాలము వరకు

మన జిల్లాలలో ఏటేట వేలకొలది యువకులు ఇంజనీరింగు పట్టములు పుచ్చుకొనుచున్నారు. పొలము తాకట్టుపెట్టి కొడుకులను చదివించిన తండ్రులును వీరిలో పలువురకు కలరు. పట్టము చేతికందిన తోడనే ఇంటిల్లిపాది ఆలోచన అమెరికా ప్రయాణముపైననో, హైదరాబాదు కంప్యూటరు కంపెనీల జీతములపైననో నిలుచుచున్నది. దీనిని మేము తప్పుపట్టము. అయితే ఆ హైదరాబాదునందే, కంచన్‌బాగు ప్రాంతమున, అర్ధశతాబ్దికి మించి వేఱొక వృత్తి సాగుచున్నదని మాత్రము పాఠకులకు విన్నవింపదలచితిమి.

రక్షణ పరిశోధనాభివృద్ధి ప్రయోగశాల 1962లో ఢిల్లీనుండి ఇచటికి తరలివచ్చెను. 1970లో భారత్ డైనమిక్సు, 1973లో మిశ్రధాతు నిగమ్ వెలసెను. 1983లో అబ్దుల్ కలాముగారి నాయకత్వమున క్షిపణుల సమగ్రపథకము ఆరంభమాయెను. 1988 ఫిబ్రవరిలో పృథ్వి, 1989 మేలో అగ్ని ఆకసమునకు లేచినపుడు దేశమెల్ల సంతోషించెను. కాని పరీక్షలో లేచిన అస్త్రము వేఱు, సైనికుని చేతికందిన అస్త్రము వేఱు. 1990లో తొలిపరీక్ష పొందిన ఆకాశ్ క్షిపణి భూసేనకు లాంఛనముగా అందినది 2015 మేలో! ఆ పాతికేండ్లలో ఎవరేమి చేసిరి?

ప్రయోగశాలలో ప్రవీణులు స్వహస్తములతో కూర్చిన క్షిపణి ఒక్కటి గురితప్పక పోవుట గొప్పయే. అట్టివి వందలు, వెంట్రుకవాసి తేడాలేక, కర్మాగారమునుండి వెలువడుట మఱింత గొప్ప. అవి రాజస్థానపు ఎండకు కాగవలెను. గతుకుబాటలపై బండి కుదుపుల కోర్వవలెను. పెట్టెలలో ఏండ్ల తరబడి పడియుండి, కావలసిన క్షణమున మాఱుమాట లేక లేవవలెను. అందుకై ఒక ఇంజనీరు భాగములను వేడిగదిలోను, చలిగదిలోను, కంపనయంత్రముపైనను పెట్టి పరీక్షించును. మఱియొకడు లోహపు అతుకులను ఎక్స్‌రే తీసి చూచును. ఇంకొకడు చిన్న కర్మాగారములు పంపిన సామగ్రిని కొలిచి, చాలనిదానిని నిర్దాక్షిణ్యముగా త్రిప్పిపంపును. విడిభాగములు, మరమ్మతు పుస్తకములు, జవానులకు శిక్షణ, ఇవియు అస్త్రములోని భాగములే. ఈ పనులకు సన్మానములు జరుగవు. 2025 మేలో పాకిస్తానుతో పోరాటము కలిగినపుడు ఆకాశ్ మన వాయురక్షణకు నిలిచినదన్న, ఈ పేరులేనివారి పరిశ్రమయు అందున్నది.

ఈ పరిశ్రమ చాలనిచోట ఏమగునో తేజస్ విమానము చూపుచున్నది. 1983లో తలపెట్టిన ఈ విమానము 2001 జనవరిలో మొదట ఎగిరెను; తొలిదళము 2016లో ఏర్పడెను. 2021లో మఱి 83 విమానములు కావలెనని ఒప్పందము జరిగినది. వానికి వలయు ఇంజనులు అమెరికానుండి రావలెను. వానిలో మొదటిది 2025 మార్చిలోగాని అందలేదు. విమానము మనది, దానికి ప్రాణము పరులది! ఇందు తప్పంతయు ఇంజనీర్లపై మోపుట న్యాయము కాదు. ఆర్డరు వ్రాయుటకే ఏండ్లు గడపు ప్రభుత్వశాఖలకును ఇందు పాలున్నది.

ఈ వృత్తికై అందఱును రాజధానికే పోనక్కఱలేదు. సంగారెడ్డిజిల్లా ఎద్దుమైలారమున సేనకు యుద్ధశకటములు తయారైనవి. విశాఖలోని నౌకాదళ ప్రయోగశాల వరుణాస్త్రమను టార్పెడోను రూపొందించెను. బందరులో 1926లో పుట్టిన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ 1983లో భారత్ ఎలక్ట్రానిక్సులో కలిసెను. ఆ వంశమునుండియే నేడు చీకటిలో చూచు సాధనములు వచ్చుచున్నవి.

జీతము విషయమున మేము ఎవరిని మభ్యపెట్టము. కంప్యూటరు కంపెనీలో పేరుపొందినవాని సంపాదన ఇచట రాకపోవచ్చును; చేసిన పనిని ఇంటిలో చెప్పుకొనుటకును వీలుండదు. అయినను ఈ దారిని కోరు బిడ్డలకు తండ్రులు అడ్డుపడరాదని మా మనవి. కళాశాలను ఎన్నుకొనునపుడు భవనముల అందము చూచి మురియక, ఒక్కసారి కర్మశాలలోనికి పోయి, లేతు యంత్రము తిరుగుచున్నదో, దుమ్ముపట్టియున్నదో చూచి రండు. విద్యార్థి చేతికి మైక్రోమీటరు ఇచ్చి కొలువుమనునట్టి గురువు అచట ఉన్నాడేమో కనుగొనుడు.