అమెరికాలో అర్థశాస్త్ర విద్య: నారుమడి, నాటుపొలము

బిడ్డను అర్థశాస్త్రము చదువుటకై అమెరికా పంపదలచిన రైతుసోదరులకు మా మనవి. అచ్చట కమ్యూనిటీ కళాశాలలో రెండేండ్లు చదివి, పిదప విశ్వవిద్యాలయమున మూడవయేట చేరు మార్గము కలదు. 1901లో ఇల్లినాయి రాష్ట్రమున జోలియట్ పట్టణమందు వెలసిన కళాశాల ఇట్టివానిలో మిక్కిలి పాతది.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున అట్లు చేరుటకు 60 సెమిస్టరు యూనిట్లు వలయును. అర్థశాస్త్రమునకైనచో ధరల తీరు తెలుపు సూక్ష్మార్థశాస్త్రము, దేశాదాయమును ద్రవ్యమును తెలుపు స్థూలార్థశాస్త్రము, కలన గణితము ముందే ముగించుట మేలు. నారుమడిలోని లోపము నాటిన పొలమున బయటపడును గదా! గణితము విడిచినవారికిని అంతియే. కాలమును ధనమును వృథాయగును.

ఆ రాష్ట్రవాసులకు యూనిట్టుకు 46 డాలర్లే. పరదేశ విద్యార్థులకు రుసుము అంతకు ఎన్నోరెట్లు. కావున అప్పుపత్రము వ్రాయకమునుపే, చేరదలచిన విశ్వవిద్యాలయము ఏయే పాఠములను అంగీకరించునో విచారించుకొనుడు.