పాత జీపు: పేరు వేరు, పని వేరు

మేము కాపురముంటున్న పేటకు మాసబ్ ట్యాంక్ అని పేరు. గోలకొండ నేలిన సుల్తాన్ మహమ్మద్ కుతుబ్ షా రాణి, హయాత్ బక్షీ బేగంను ప్రజలు గౌరవంతో ‘మా సాహెబా’ అని పిలిచేవారు. ఆమె పేరిట వెలసిన చెరువు జనుల నోట మాసబ్ ట్యాంక్ అయినది. నేడు ఈ పేరు చెబితే నగరంలో ఏ ఆటో డ్రైవరైనా మిమ్మల్ని ఇక్కడికి చేర్చగలడు. కాని వచ్చి చూస్తే భవనాలూ, వంతెనా, పార్కూ కనిపిస్తాయి గాని చెరువు కనిపించదు. పేరు నిలిచింది, నీరు పోయింది.

పాత జీపును గురించి చెప్పబోతూ చెరువు ప్రస్తావన ఎందుకని అడగవచ్చు. అమ్మకానికి వచ్చే పాత జీపులలో చాలావాటికి ‘ఫోర్ వీల్ డ్రైవ్’ అన్న పేరు ఉంటుంది. ఆ పేరుకు తగిన శక్తి లోపల మిగిలి ఉన్నదో లేదో తెలుసుకొనడమే కొనేవారి పని.

మా బావగారు తాండూరు దగ్గర ఒక పల్లెలో కంది సేద్యం చేస్తారు. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పంటకు అంతటి గుణమిచ్చిన నల్లరేగడి నేలే వానాకాలంలో బండి చక్రాన్ని పట్టుకొని విడువదు. నిరుడు శ్రావణమాసంలో ఒక రాత్రి బావగారి తల్లికి పక్షవాతం వచ్చింది. ఇంట ఉన్న చిన్న కారులో ఆమెను పడుకోబెట్టి బయలుదేరారు. తారురోడ్డు మరి అర మైలు ఉన్నదనగా కారు దిగబడింది. ట్రాక్టరు తెప్పించి బయటికి లాగేసరికి తెల్లవారింది. ఆమె బ్రతికి బయటపడ్డారు గాని, కుడిచేయి ఇప్పటికీ స్వాధీనంలోకి రాలేదు.

ఈ ఏడు వానలకు ముందే బావగారు మా ఇంటికి వచ్చి, “బావా, కొత్త బండి కొనే తాహతు నాకు లేదు. బురదలో ఆగని పాత జీపు ఒకటి చూచిపెట్టు. ఎరువు బస్తాల ట్రెయిలరు కూడా లాగవలె” అన్నారు. చిరకాలంగా జీపుల పని చేస్తున్న ఒక ముసలి మేస్త్రీగారిని తోడు తీసుకొని పదిహేను రోజులు తిరిగాము. ఆ తిరుగుడులో తెలిసిన సంగతులే ఈ ప్రసంగం.

జీపు మన పల్లెలకు కొత్తది కాదు. రెండవ ప్రపంచయుద్ధం కొరకు అమెరికాలో రూపొందిన ఈ బండిని, 1945లో స్థాపితమైన మహీంద్రా సంస్థ 1947 నుండి బొంబాయిలో విడిభాగాలతో కూర్చడం మొదలుపెట్టింది. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం ఆరంభమైన తరువాత, దుమ్ము రేపుకుంటూ వచ్చే బ్లాకు జీపు పల్లెలకు పరిచితమైన దృశ్యమైనది. ఆ అలవాటు వలన నేటికీ ఎత్తయిన ప్రతి బండినీ మనవారు జీపనే అంటారు. మొదటి పొరపాటు ఇక్కడే జరుగుతుంది. రూపం జీపుదైనంత మాత్రాన నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందుతుందని అనుకొనరాదు. 2000లో వచ్చిన బొలేరోలో అటువంటి రకం ఉండేది గాని, ఊళ్ళలో తిరిగేవి దాదాపు అన్నీ వెనుక చక్రాలతో నడిచేవే. థార్‌లో సయితం రెండు రకాలూ ఉన్నాయి.

దీనికి పరీక్ష సులభం. మోకాళ్ళమీద కూర్చుని బండి అడుగున చూడవలె. ముందు ఇరుసు మీద కుండవంటి ఇనుప పెట్టె ఉండాలి. బండి నడుమ నుండి ఒక తిరుగుడు కడ్డీ వచ్చి దానిలో కలవాలి. మేము చూచిన మొదటి జీపు అద్దంలా మెరుస్తున్నది. వెడల్పాటి కొత్త టైర్లు, నెత్తిన వరుసగా దీపాలు, డ్రైవరు పక్కన రెండు మీటలు, అన్నీ ఉన్నాయి. మేస్త్రీగారు కిందికి వంగి చూచి, లేచి చేతులు దులుపుకొన్నారు. ముందుకు పోవలసిన కడ్డీ లేదు. మరమ్మతు ఖర్చు తప్పించుకొనడానికి ఎవరో దానిని ఎన్నడో తీసివేశారు, మీట మాత్రం అలంకారంగా మిగిలింది. బావగారు నావైపు తిరిగి, “మీ చెరువు వంటిదే బావా ఇది” అన్నారు.

ఈ యంత్రం పనిచేసే తీరును కొంచెం తెలుసుకుంటే పరీక్ష చేయడం తేలిక. ఇంజను శక్తి గేరుపెట్టె నుండి ట్రాన్స్‌ఫర్ కేసు అనే రెండవ పెట్టెలోకి వస్తుంది. అక్కడినుండి ఒక కడ్డీ వెనుక ఇరుసుకు, మరొకటి ముందు ఇరుసుకు పోతాయి. రెండవ మీటతో ముందు ఇరుసును కలపవచ్చు, విడదీయవచ్చు. దానిలోనే ‘లో’ అనే స్థానం ఉంటుంది. అందులో బండి వేగం బాగా తగ్గి, లాగే బలం మహీంద్రా జీపులలో సుమారు రెండున్నర రెట్లు పెరుగుతుంది. దిగబడిన బండిని బయటికి తెచ్చేదీ, బరువును గట్టు ఎక్కించేదీ ముఖ్యంగా ఈ ‘లో’ గేరే.

ఇటువంటి జీపును పొడి తారురోడ్డు మీద నాలుగు చక్రాలూ కలిపి నడపరాదు. మలుపులో ముందు చక్రాలు వెనుక చక్రాలకంటే ఎక్కువ దూరం తిరుగుతాయి. బురదలో ఆ తేడా టైరు జారడంతో సరిపోతుంది. తారు మీద జారదు కనుక ఆ బిగింపు అంతా గేర్ల పళ్ళమీద పడుతుంది. నాలుగు టైర్లూ ఒకే కొలత, ఇంచుమించు ఒకే అరుగుదల ఉండవలెననడానికీ కారణమిదే. నాలుగు చక్రాలకు శక్తి ఉన్నా బండి దిగబడదన్న హామీ లేదు. లాకు లేని ఇరుసులో శక్తి సులువుగా తిరిగే చక్రానికే పోతుంది. కాబట్టి ముందొకటి, వెనుకొకటి గాలిలో తిరుగుతూ బండి ఉన్నచోటే ఉండవచ్చు. 2015 తరువాతి థార్ రకాలలో కొన్నిటికి వెనుక ఇరుసుకు లాకు కూడా ఉన్నది. రేగడివారికి అది నిజమైన లాభం.

ఇక ఏ బండి అన్న ప్రశ్న. పాత మహీంద్రా డీజిలు జీపులు, 2010లో వచ్చిన థార్‌లోని సాధారణ డీఐ రకం మొరటువి, మెల్లనివి, చప్పుడు చేసేవి. కాని వాటి ఇంజనులో ఎలక్ట్రానిక్ సామగ్రి అంతగా లేదు. కనుక తాండూరు మేస్త్రీ అయినా, జహీరాబాదు మేస్త్రీ అయినా విప్పి బిగించగలడు. 1985 చివర వచ్చి 2019లో సామాన్య విపణి నుండి తప్పుకున్న మారుతీ జిప్సీ పెట్రోలు బండి. బరువు సుమారు ఒక టన్ను మాత్రమే కనుక బురదమీద తేలికగా పోతుంది. ఆ తేలికతనమే బరువు లాగేటప్పుడు లోపమవుతుంది. శ్రీసిటీలో 2016లో తయారీ ప్రారంభమైన ఇసుజు వి-క్రాస్ వంటివి బరువుకు సమర్థమైనవే గాని, ధరా, విడిభాగాల ఖర్చూ ఎక్కువ. 2020 ఏప్రిల్ నుండి అమలైన బీఎస్-6 నియమాలకు లోబడిన డీజిలు బండ్లలో పొగమసిని పట్టే జల్లెడ ఉంటుంది. దూరప్రయాణం లేక ఇంటికీ పొలానికీ మధ్యనే తిరిగే బండిలో అది పూడిపోయి చిక్కు తెచ్చిపెడుతుంది. సైన్యం వేలం వేసిన బండి గట్టిదని కొందరి నమ్మకం. ఆ బండి నడిచిన దారులు ఎట్టివో, ఎన్నాళ్ళు ఎండకూ వానకూ నిలిచిందో కూడా ఆలోచించవలె.

పరీక్షకు ఉదయమే పోవలె. ఇంజను చల్లగా ఉన్నప్పుడే దాని నిజస్థితి తెలుస్తుంది. ముందే వేడిచేసి ఉంచితే అనుమానించవలె. నీలిపొగ వస్తే ఇంజను ఆయిలును తాగుతున్నది. నల్లపొగ ఆగకుండా వస్తే ఇంధనం సరిగా కాలడం లేదు. తెల్లపొగ వేడెక్కిన తరువాత కూడా పోకపోతే లోపలికి నీరు దిగుతున్నదేమో చూడవలె. ఇంజను నడుస్తుండగా ఆయిలు పోసే మూత తీయించండి. అక్కడినుండి పొగ గట్టిగా తన్నుకొస్తే పిస్టను రింగులు అరిగినవని అర్థం.

తరువాత అడుగుభాగం. ఇరుసు పెట్టెలోని ఆయిలు కొంచెం తీయించి చూడవలె. అది పాలు కలిసినట్లు తెల్లగా ఉంటే బండి ఎప్పుడో లోతునీటిలో మునిగింది. ఛాసిస్ మీది మట్టిని గీకి తుప్పునూ, వెల్డింగు అతుకులనూ వెదకవలె. సముద్రతీరంలో, ఉప్పునీటి చెరువుల నడుమ తిరిగిన బండి పైకి ఎంత శుభ్రంగా ఉన్నా ఈ చూపు తప్పనిసరి. కమాను పట్టీలు విరిగినవా, జాకీ పెట్టి ఎత్తి ఊపితే ముందు చక్రం కదులుతున్నదా అన్నవీ చూడవలె.

అన్నిటికంటే ముఖ్యమైన పరీక్షను ఎక్కువమంది చేయరు. నగరంలో, తారురోడ్డు మీద, సాయంకాలం పది నిమిషాలు నడిపి బేరం ముగిస్తారు. మీరు అధికంగా వెలపెట్టి కొంటున్న సాధనమేదో ఆ పది నిమిషాలలో ఒక్కసారి కూడా పనిచేయలేదు. బండిని దున్నిన చేలోకో, ఇసుకలోకో తీసుకుపోవలె. నాలుగు చక్రాలు కలిపి, పిమ్మట ‘లో’లో వేసి, ప్రతి గేరులోనూ, వెనుక గేరులోనూ కొంత బరువుతో నడపవలె. బరువు పడగానే మీట దానంతటది జారి బయటికి వస్తే ఆ పెట్టెకు పెద్ద మరమ్మతు ఉన్నది. యజమాని ఇందుకు ఒప్పుకోకపోతే నమస్కారం చేసి రావలె.

ట్రెయిలరు లాగడంలో అందరూ ఇంజను బలాన్ని గురించే అడుగుతారు. లాగడం ఒక వంతైతే ఆపడం రెండు వంతులు. దిగుడులో బ్రేకు నొక్కినప్పుడు బ్రేకులేని ట్రెయిలరు వెనుకనుండి జీపును తోస్తుంది, పక్కకు తిప్పుతుంది. కావున లాగబడేది లాగేదానికంటే బరువు కారాదు. తయారీదారు చెప్పిన పరిమితి మీరరాదు. కొక్కెం బంపరుకు గాక ఛాసిస్‌కు బిగించి ఉండవలె, దానికి తోడు గొలుసు ఉండవలె. బస్తాలను ట్రెయిలరు ఇరుసుకు కొంచెం ముందువైపు సర్దితే అది పాములా ఊగదు. ట్రాక్టరు వెనుక ట్రక్కుకు ఎత్తే లోడు జీపుకు తగిలించడం ప్రాణాపాయం. ట్రెయిలరు కూడా చట్టం దృష్టిలో మోటారు వాహనమే, దానికీ రిజిస్ట్రేషన్ కావలె.

కాగితాల సంగతి. ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు బండిమీద చదివి ఆర్‌సీతో అక్షరం అక్షరం పోల్చవలె. పాత జీపులలో ఇంజను మార్చడం తరచు జరిగే పని. అధికారుల అనుమతి లేని మార్పు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం నేరం. సొంత వాహనపు రిజిస్ట్రేషన్‌కు గడువు 15 ఏండ్లు. పిమ్మట తనిఖీ చేయించి ఐదేసి ఏండ్లకు పొడిగించుకొనవలె. బదిలీకి 29, 30 ఫారాలు, అప్పు తీరినట్లు ఫైనాన్సు సంస్థ ఇచ్చే 35వ ఫారం, పరరాష్ట్రపు బండి అయితే 28వ ఫారంతో నిరభ్యంతర పత్రం కావలె. ఢిల్లీలో పదేండ్లు దాటిన డీజిలు బండ్లపై 2015లో హరిత ట్రిబ్యునల్ ఆంక్ష పెట్టగా 2018లో సుప్రీంకోర్టు దానిని సమర్థించింది. ఆ తరువాత అటువంటి బండ్లు చౌకగా దక్షిణాదికి చేరాయి. ఇక్కడ కట్టవలసిన పన్ను కలుపుకొని చూస్తేనే ఆ చౌక నిజమో కాదో తేలుతుంది.

చివరకు మేము కొన్నది వెలిసిన రంగుతో ఉన్న పాత మహీంద్రా డీజిలు జీపు. సీట్లు చినిగి ఉన్నాయి. కాని ఉదయపు చలిలో మొదటి తిప్పుకే పలికింది, దుక్కిలో ‘లో’ గేరు జారలేదు, నంబర్లు కలిశాయి. చేతిలో మిగిలిన సొమ్ముతో బ్రేకులు, గొట్టాలు, టైర్లు కొత్తవి వేయించాము. పాత బండి కొనేవారు ఉన్న డబ్బంతా ధరకే పెట్టక, అయిదింట ఒక వంతు ఈ పనులకు దాచుకొనవలె. విడిభాగాలు రాణిగంజ్‌లో దొరికాయి. బండిని ఎరిగిన మేస్త్రీ ఊరికి దగ్గరగా ఉన్నాడా అన్నది కూడా కొనేముందే విచారించాము.

నిజానికి అందరికీ ఇటువంటి బండి అవసరం లేదు. ఏడాదికి నాలుగు రోజులు మాత్రమే దారి చెడే ఊరిలో మంచి టైర్లున్న సాధారణ బండి, అవసరానికి కిరాయి ట్రాక్టరు చాలు.

కొన్నవారికి కూడా ఒక హెచ్చరిక. నాలుగు చక్రాల బలం నేలను పట్టినంతవరకే. వాగు పొంగి కల్వర్టుమీదుగా పారుతున్నప్పుడు నీరు బండిని లేవనెత్తుతుంది, చక్రాల పట్టు పోతుంది. అప్పుడు నాలుగున్నా ఒకటే, రెండున్నా ఒకటే. 2024 సెప్టెంబరు మొదట ఖమ్మం, మహబూబాబాద్ జిల్లాలను ముంచిన వరదలు మనం మరువరానివి. బావగారు తాళంచెవి తీసుకొని బయలుదేరేటప్పుడు మేస్త్రీగారు చెప్పినది ఆ ఒక్క మాటే: “బురదైతే పొండి, పారే నీరైతే ఆగండి.”

మొన్న వానలో బావగారు ఫోను చేశారు. తల్లిని చేతి వైద్యానికి తాండూరు తీసుకుపోయి, చీకటి పడకముందే ఇల్లు చేరారట. జీపు ఎక్కడా ఆగలేదట.