టైరు పని: ఇంట్లోనా, షాపులోనా?

కోవెలకుంట్ల, జమ్మలమడుగు వైపు పొలం బాటల్లో మోటారు సైకిలుకు పెద్ద శత్రువు సర్కారు కంప ముల్లు. పంక్చరు షాపు ఎక్కడో బస్టాండు దగ్గర ఉంటుంది. అర్ధరాత్రి జ్వరంతో కాలిపోతున్న బిడ్డను ఆసుపత్రికి తీసుకొని వెళ్ళవలసినవారికి ఆ దూరమే ప్రాణసంకటం. కాబట్టి ట్యూబుకు ప్యాచీ వేయడం ప్రతి ఇంట్లో ఒకరైనా నేర్చుకొనదగిన పని. ఆడపిల్లలైనా సరే.

రెండు టైరు లీవర్లు, చేతిపంపు, ప్యాచీలు, సొల్యూషన్, గరుకు కాగితం చాలు. గాలి పూర్తిగా తీసి, టైరు అంచును ఒక ప్రక్క రిమ్ము నడిమి గుంటలోకి త్రొక్కిపెడితే, ఎదుటి ప్రక్క సులువుగా లేస్తుంది. బలం చూపేవాడే లీవరుతో ట్యూబును నొక్కి రెండో పంక్చరు తెచ్చుకుంటాడు! తిరిగి ఎక్కించే ముందు టైరు లోపల గుడ్డతో తడిమి చూడండి. ముల్లు అక్కడే ఉంటే పడిన శ్రమంతా వృథా.

కొత్త టైరు మార్చుట వేరు సంగతి. అది షాపుకే ఇవ్వండి. వెనుక చక్రం విప్పితే చైను బిగువు, బ్రేకు మరల సరిచూడాలి. ఇరుసు నట్టు వదులైతే మనిషే పడతాడు. ట్యూబులెస్ టైరుకైతే చేతిపంపు సాధారణంగా చాలదు, కంప్రెసరు కావాలి.

షాపులో ప్రక్కనే నిలబడి టైరు మీది నాలుగంకెలు చదవండి. 2324 అని ఉంటే 2024వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. ఏళ్ళ తరబడి ఎండిన సరుకును కొత్త ధరకు కొనకండి.