ఎండ వేడి, ఇరుసు వేడి

ఇంజనీరింగు చదువుచుండగా ఒక వేసవి సెలవులలో మేము నలుగురము విజయవాడ జంక్షనులో శిక్షణ పొందితిమి. నైజాము రైలు 1889లో బెజవాడ చేరెను. 1893లో కృష్ణపై రైలు వంతెన వెలసెను. నాటినుండియు ఇది పెద్ద కూడలి.

బండి వచ్చునపుడు పరీక్షకులు ఇరుప్రక్కల కూర్చుండి చక్రముల చప్పుడు విందురు. బ్రేకు పట్టి జారి అరిగిన చక్రము టకటక కొట్టుకొనును. బండి నిలిచిన పిదప ఇరుసుల కొసలనుండు యాక్సిల్ బాక్సుల వేడి చూతురు. బేరింగులో గ్రీజు తరిగినచో బాక్సు కాగి, తుదకు ఇరుసు కొస తెగి బండి పట్టాలు తప్పవచ్చును.

బెజవాడ ఎండ సంగతి శ్రోతలకు చెప్పవలెనా! ఒకనాడు మాలో ఒకడు థర్మామీటరు చూపి, ఈ బాక్సు కాలుచున్నదని కేక వేసెను. ముసలి పరీక్షకుడు నవ్వి, “ప్రక్క బాక్సులు చూచితివా, నాయనా?” అనెను. ఎండవైపు బాక్సులన్నియు అంతే వేడి! చూడవలసినది వేడి కాదు, తోటివానిని మించిన వేడి.

వారము గడచినది. మద్రాసు వైపు పోవు బండిలో, నీడవైపు బాక్సు ఒకటి మాకు అంత వేడిగా తోచలేదు. కాని ప్రక్కవానికంటె చాల హెచ్చు. మరి కొన్ని నిమిషములలో ఆ బండి కృష్ణ వంతెన నెక్కవలెను. ఆ పెట్టెను విడదీసి, అందలివారిని వేరు పెట్టెల కెక్కించిరి. సామానులు మోసికొనుచు వారు ఆలస్యమునకు మమ్మే తిట్టిరి.