బైపీసీలో ఉర్దూ ఉంటే డాక్టర్ సీటుకు అడ్డమా? అసలు లెక్క ఇదీ

పదో తరగతి ఫలితాలు వచ్చాయంటే చేవెళ్ల, మొయినాబాద్ వైపు ముస్లిం ఇళ్లలో ఒకటే చర్చ. పిల్లలు డాక్టర్ కావాలంటే బైపీసీ తీసుకోవాలి, అందులో డౌట్ లేదు. మరి రెండో భాష ఏది? పదేళ్లు చదివిన ఉర్దూనా, మార్కులు బాగా పడతాయని అందరూ చెప్పే సంస్కృతమా? చాలామంది ఈ నిర్ణయాన్ని అడ్మిషన్ కౌంటర్ దగ్గరే ఐదు నిమిషాల్లో తేల్చేస్తారు. కానీ కాస్త లెక్క చూసుకోవాల్సిన విషయం ఇది.

రెండో భాష మార్కులు ఎక్కడ పనికొస్తాయి?

ఇప్పటివరకు నడిచిన పద్ధతిలో తెలంగాణ ఇంటర్ బైపీసీకి రెండేళ్లకు కలిపి 1000 మార్కులు. అందులో ఇంగ్లీషుకు 200, రెండో భాషకు 200. మిగతా 600 బోటనీ, జువాలజీ, ఫిజిక్స్, కెమిస్ట్రీలవి, ప్రాక్టికల్స్‌తో కలిపి.

ఎంబీబీఎస్ సీటు మాత్రం నీట్ ర్యాంకును బట్టి వస్తుంది. నీట్ 720 మార్కుల్లో బయాలజీకి 360, ఫిజిక్స్‌కు 180, కెమిస్ట్రీకి 180. భాషకు ఒక్క ప్రశ్న కూడా లేదు. ఇంటర్ మార్కులు ర్యాంకులో కలపరు. ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, ఇంగ్లీషు పాసై, మూడు సైన్సుల్లో కలిపి జనరల్ వాళ్లకు 50 శాతం, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలకు 40 శాతం ఉంటే అర్హత వచ్చినట్టే.

అంటే రెండో భాషలో 99 వచ్చినా, 65 వచ్చినా డాక్టర్ సీటుకు తేడా లేదు. కానీ 35 రాకపోతే ఇంటరే ఫెయిల్. అప్పుడు మంచి ర్యాంకు ఉన్నా సీటు చేజారుతుంది. కాబట్టి అడగాల్సింది 'ఏ భాషలో ఎక్కువ మార్కులు?' అని కాదు, 'ఏ భాషకు తక్కువ టైమ్ పడుతుంది?' అని. పదో తరగతి దాకా ఉర్దూ చదివిన అమ్మాయికి కొత్త లిపి నేర్చుకోవడం కన్నా ఉర్దూయే తేలిక. ఉర్దూ రాయడం రాని అబ్బాయికి తెలుగే మేలు.

నీట్ ఉర్దూలో రాయడం వేరే సంగతి

సుప్రీంకోర్టు దాకా వెళ్లిన కేసు తర్వాత 2018 నుంచి నీట్ ప్రశ్నపత్రం ఉర్దూలోనూ ఇస్తున్నారు. ఉర్దూ ఎంచుకుంటే పక్కనే ఇంగ్లీషు ప్రశ్న కూడా ఉంటుంది. అనువాదంలో తేడా వస్తే ఇంగ్లీషు పాఠమే ఫైనల్. సైన్సు ఉర్దూ మీడియంలో చదివిన వాళ్లకు ఇది పెద్ద ఆసరా. ఇంగ్లీషు మీడియంలో చదివి, ఉర్దూ భాషగా మాత్రమే తీసుకున్న వాళ్లు ఇంగ్లీషులో రాయడమే సేఫ్.

భాష తర్వాత ఎక్కడ అక్కరకొస్తుంది?

అమెరికాలో నాలుగేళ్ల డిగ్రీ అయ్యాకే మెడిసిన్. అందుకే అక్కడి విద్యార్థి బయాలజీతో పాటు స్పానిష్ కూడా మేజర్‌గా చదవగలడు. మన దగ్గర ఇంటర్ నుంచే నేరుగా ఎంబీబీఎస్ కాబట్టి సైన్సు, భాష పక్కపక్కన చదివే అవకాశం ఈ రెండేళ్లే.

చేవెళ్లలో పట్నం మహేందర్ రెడ్డి, మొయినాబాద్ మండలంలో భాస్కర్ మెడికల్ కాలేజీలు ఉన్నాయి. ఈ చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఆసుపత్రికి వచ్చే పెద్దమనిషి తన నొప్పి తెలుగులో చెప్తాడు, లేదంటే దక్కనీలో. రెండూ అర్థమయ్యే డాక్టర్‌కు సగం రోగం అక్కడే తెలుస్తుంది. ఎంబీబీఎస్ మొదట్లో ఉండే ఫౌండేషన్ కోర్సులో స్థానిక భాష నేర్పడం కూడా అందుకే.

ఎంబీబీఎస్ రాకపోతే యునానీ దారి ఉంది. బీయూఎంఎస్‌కూ నీట్ రాయాల్సిందే. చార్మినార్ దగ్గరి ప్రభుత్వ నిజామియా తిబ్బీ కాలేజీ అందరికీ తెలిసిందే. ఆ చదువులో ఉర్దూ, అరబీ వచ్చిన వాళ్లకు పని సులువవుతుంది.

ఫీజు కట్టే ముందు

కాలేజీలో ఉర్దూ ఉందా, చెప్పే లెక్చరర్ ఉన్నారా, వారానికి ఎన్ని క్లాసులు అని అడగండి. పేరుకే ఉర్దూ ఉండి క్లాసులు జరగకపోతే పరీక్షల ముందు ఆ భారం పిల్లల మీదే పడుతుంది. అలాంటప్పుడు వేరే కాలేజీ చూడండి, లేదా తెలుగు తీసుకోండి. ఏదైనా పిల్లలను అడిగే నిర్ణయించండి, చదవాల్సింది వాళ్లే కదా.