డివైడర్‌కు ఇవతలి నీళ్ళు

హ్యూస్టన్ నుంచి బ్యూమాంట్‌కు ఐ-10 మీద కారులో పోయేవాళ్ళకు విన్నీ అంటే ఒక ఎగ్జిట్, అంతే. పెట్రోలు పోయించుకుని, కాఫీ కప్పు పట్టుకుని మళ్ళీ రోడ్డెక్కేస్తాం. కాస్త లోపలికి వెళ్తే వరి చేలు కనబడతాయి. ఏటా టెక్సాస్ రైస్ ఫెస్టివల్ జరిగేది ఆ ఊళ్ళోనే. వరి పండే నేల ఎలా ఉంటుందో మనవాళ్ళకు వేరే చెప్పాలా? చదును, బంకమట్టి, నీరు ఓ పట్టాన ఇంకదు. ఉత్తరాన పడ్డ వాన కొంత బయూలనే వాగుల్లో, కొంత చేల మీదుగా పలచగా పరుచుకుంటూ దక్షిణాన సముద్రం వైపు జారిపోవాలి. ఆ దారికి అడ్డంగా, తూర్పు పడమరలుగా ఐ-10. దాని నడిమధ్య దాదాపు మూడడుగుల ఎత్తున కాంక్రీటు డివైడర్.

ఆ డివైడర్ వల్లే మా ఇళ్ళూ పొలాలూ మునిగాయంటూ రోడ్డుకు ఉత్తరాన ఆస్తులున్న 120 మందికి పైగా టెక్సాస్ రాష్ట్రం మీద కోర్టుకెక్కారు. తగాదా చివరికి అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ‘డివిలియర్ వర్సెస్ టెక్సాస్’ అనే ఆ కేసులో 2024 ఏప్రిల్ 16న తీర్పు వచ్చింది.

హైవేల మీద కాంక్రీటు డివైడర్లు కొత్తవి కావు. అదుపు తప్పిన లారీ అవతలి లేన్లలోకి దూసుకొచ్చి ఎదురుగా వచ్చే కారును ఢీకొట్టకుండా ఆపడం వాటి మామూలు పని. విన్నీ దగ్గర గోడకు మరో పని కూడా అప్పజెప్పారు. తుపాను వస్తే జనం తప్పించుకుని పోవడానికి రోడ్డులో సగమైనా పొడిగా ఉండాలి. ఉత్తరం నుంచి వచ్చే వరదను గోడ ఆపితే దక్షిణపు లేన్లు నడుస్తాయి. ఇది బాధితులు ఊహించి చెప్పిన మాట కాదు. గోడ ఆనకట్టలా పనిచేయడానికే పెట్టారనీ, అనుకున్నట్టే పనిచేసిందనీ సుప్రీంకోర్టు తీర్పులోనే ఉంది. ఆ పక్కనే ఇళ్ళు వదిలి వెళ్ళిన కుటుంబాల సంగతి, పాడైన పంటలు, చచ్చిన పశువులు కూడా నమోదయ్యాయి.

రాష్ట్రం ఆలోచన వెనుక పెద్ద భయమే ఉంది. 2005 సెప్టెంబరులో రీటా తుపానుకు భయపడి హ్యూస్టన్ ప్రాంతం నుంచి లక్షల మంది ఒక్కసారిగా రోడ్లమీదికి వచ్చారు. ఆ ఎండలో గంటల తరబడి కార్లు కదల్లేదు. తుపాను దెబ్బకన్నా ఆ ప్రయాణంలోనే ఎక్కువ ప్రాణాలు పోయాయి. పోయినవాళ్ళ సంఖ్య వంద దాకా ఉంది. అప్పుడు ఆ ఊళ్ళో ఉన్న తెలుగువాళ్ళెవరినైనా అడగండి, ఇవాళ్టికీ ట్యాంకు సగానికి దిగకుండానే పెట్రోలు పోయించుకుంటారు. కాబట్టి తుపానులో మునగని రోడ్డు కావాలనడంలో తప్పేమీ లేదు.

ఆ తర్వాత 2017 ఆగస్టు 25న హార్వీ తుపాను తీరం దాటింది. విన్నీకి తూర్పున, ఎంతో దూరం లేని నెదర్లాండ్‌లో మొత్తం 60.58 అంగుళాల వాన నమోదైంది. అంటే అయిదడుగులు. రెండేళ్ళు దాటీ దాటగానే, 2019 సెప్టెంబరులో ఇమెల్డా తుపాను వచ్చి పక్క జిల్లా జెఫర్సన్ కౌంటీలో ఫానెట్ దగ్గర 44 అంగుళాలు కురిపించింది. గోడకు దక్షిణాన రోడ్డు తెరిచే ఉంది. ఉత్తరాన చేలు చెరువులయ్యాయి.

ఇక్కడ ఎవరికైనా వచ్చే మొదటి సందేహం: అయిదడుగుల వాన పడితే గోడ ఉన్నా లేకపోయినా మునగక చస్తుందా? ఇలాంటి ప్రతి తగాదాలోనూ రోడ్డు కట్టినవాళ్ళ వైపు నుంచి వినబడే వాదం ఇదే. అందులో నిజముంది, కానీ అది సగం జవాబే. మునగడం అనేది అవును, కాదు అని తేల్చే సంగతి కాదు. ఇంట్లో నీరు చీలమండ దాకా వచ్చిందా, నడుము దాకా వచ్చిందా అన్నది ఒకటి. ఆరు గంటల్లో తీసిందా, ఆరు రోజులు నిలిచిందా అన్నది ఇంకొకటి. వరి పైరు ఒకటి రెండు రోజులు మునిగినా తట్టుకుంటుంది, వారం మునిగితే కుళ్ళుతుంది. ఆవు పొట్ట దాకా నీళ్ళలో ఒక పూట నిలబడగలదు, రోజుల తరబడి నిలబడలేదు. వానను గోడ కురిపించలేదు. కురిసిన వానకు గోడ ఎంత లోతు కలిపింది, ఎన్నాళ్ళు ఆపింది అన్నదే అసలు లెక్క.

ఆ లెక్క ఎలా వేస్తారో చెప్పడానికి మన ఊరి చెరువు అలుగు చాలు. డివైడర్ లేని హైవే వరదలో పొడవాటి అలుగులా పనిచేస్తుంది. ఎగువన నీరు రోడ్డు మట్టాన్ని దాటగానే తారు మీదుగా పొర్లి అటువైపు దిగిపోతుంది. వచ్చే ప్రవాహాన్ని పంపడానికి రోడ్డు మీద ఒక అడుగు లోతు సరిపోతుంది అనుకుందాం. ఇప్పుడు అదే అలుగు మీద మూడడుగుల గోడ కట్టండి. అంతే నీరు పొర్లాలంటే ముందు మూడడుగులు ఎక్కాలి, ఆపైన ఇంకో అడుగు. తూములు, వంతెనలు, గోడ చివరలు కొంత నీటిని వదులుతాయి కనుక నిజంగా పెరిగేది అంతకన్నా తక్కువే ఉంటుంది. కానీ చదును నేలలో కొంచెం పెరిగినా చాలు. మైలుకు ఒక అడుగు వాలున్న చోట నీటిమట్టం అడుగు పెరిగిందంటే ముంపు మైలు దూరం వెనక్కి పాకుతుంది. అందుకే రోడ్డు కంటికి కూడా ఆనని ఇంటివాళ్ళు వచ్చి రోడ్డు మీద ఫిర్యాదు చేస్తుంటారు, వినేవాళ్ళు నవ్వుతుంటారు.

గోడ అడుగున కన్నాలు ఉంటాయి కదా అంటారు. ఉంటాయి. డివైడర్ పక్కన నడిచి చూస్తే నేలకు ఆనుకుని, కొన్ని అడుగులకొకటి చొప్పున, అరచేయి ఎత్తున చీలికలు కనిపిస్తాయి. సగం వాటిలో ఇసుక, టైరు ముక్కలు, నీళ్ళ సీసాలు, ఎండుగడ్డి ఇరుక్కుని ఉంటాయి. వాటిని శుభ్రం చేయడం ఎవరి పనో ఆ ఏడాది బడ్జెట్ చెప్పాలి. అసలు సంగతి చెత్త కాదు. ఆ చీలికలు పెట్టింది రోడ్డు మీద పడ్డ వాన పోవడానికి. కార్లు నీటి పొర మీద జారకుండా ఆ వానను త్వరగా పక్కకు తీయాలి, దానికి అవి చాలు. పది మైళ్ళ ఎగువ నుంచి చేల మీదుగా వచ్చే నీటికి ఆ కొలతలు వేయలేదు. రోడ్డు నీళ్ళు వేరు, నేల నీళ్ళు వేరు. డ్రైనేజీ రిపోర్టులో మొదటి రకానికి పేజీలకు పేజీలు ఉంటాయి. రెండో రకం నది దగ్గరో, బయూ దగ్గరో, వంతెన కట్టే చోట మాత్రమే లెక్కకు వస్తుంది. చేల మీద పలచగా పారే నీరు చాలాసార్లు ఎవరి లెక్కలోకీ రాదు.

వాన లెక్కలూ పాతబడ్డాయి. ఏటా ఒక శాతం అవకాశం ఉండే వానను, వాడుకలో ‘వందేళ్ళ వాన’ అనేదాన్ని, ఆధారంగా తీసుకుని వరద మ్యాపులు గీస్తారు. హ్యూస్టన్‌కు ఒక రోజులో 13 అంగుళాలు అని దశాబ్దాలుగా లెక్క వేసిన ఆ వానను, 2018లో అమెరికా వాతావరణ సంస్థ నోవా కొత్త పట్టికల్లో దాదాపు 18 అంగుళాలకు పెంచింది. పాత పట్టికతో కట్టిన తూములు రాత్రికి రాత్రి పెద్దవి కావు.

గోడ వాటా తేల్చడానికి ఇంజనీర్లు సాధారణంగా హెక్-రాస్ లాంటి ప్రోగ్రాంతో అదే వానను రెండుసార్లు నడిపిస్తారు, ఒకసారి గోడతో, ఒకసారి గోడ తీసేసి. రెండు నీటిమట్టాల తేడాయే గోడ పాపం. చెప్పడానికి తేలిక. రోడ్డు నక్షాలు, తూముల కొలతలు, పాత రిపోర్టులు అన్నీ ఉండేది రోడ్డు శాఖ దగ్గర. గోడ మీద మరకలు, ఫోన్‌లో ఫోటోలు, మునిగిన ట్రాక్టరు ఉండేది బాధితుల దగ్గర. తీసివేత లెక్క చేసి నిరూపించే భారం రెండోవాళ్ళది. నిపుణుల ఫీజులు ఒక్కో కుటుంబం మోసేంత చిన్నవి కావు కనుకే ఇలాంటివి ఎప్పుడూ ఊరంతా కలిసి వేసే దావాలవుతాయి.

విన్నీ కేసులో సంవత్సరాలపాటు ఈ లెక్క దాకా కూడా వెళ్ళలేదు. ‘ప్రజల అవసరానికి ప్రైవేటు ఆస్తి తీసుకుంటే న్యాయమైన పరిహారం ఇవ్వాలి’ అని అమెరికా రాజ్యాంగం అయిదో సవరణ చెబుతుంది, టెక్సాస్ రాజ్యాంగమూ అలాంటి మాటే చెబుతుంది. బాధితులు రెండింటినీ చూపి రాష్ట్ర కోర్టులో దావాలు వేశారు. రాష్ట్ర ప్రభుత్వం వాటిని ఫెడరల్ కోర్టుకు మార్పించుకుంది. అక్కడికి చేరాక, రాజ్యాంగంలోని ఆ క్లాజు కింద నేరుగా రాష్ట్రం మీద దావా వేసే హక్కు మీకు లేదు పొమ్మంది. ఇల్లు మునిగినవాడికి ఇది ఎలా వినిపిస్తుందో ఊహించుకోండి. కింది కోర్టు ఒప్పుకోలేదు, అప్పీలు కోర్టు ఒప్పుకుంది. సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీలూ ఏకగ్రీవంగా, జస్టిస్ థామస్ రాసిన తీర్పులో, పెద్ద ప్రశ్నను పక్కన పెట్టి చిన్న దారి చూపించారు: టెక్సాస్ చట్టం కిందే పరిహారం అడిగే వీలుంది, దాని కింద కేసు నడుపుకోనివ్వండి అన్నారు. దావా సవరించుకుంటే అడ్డు చెప్పం అని రాష్ట్రం మాట ఇచ్చింది. హార్వీ వచ్చి అప్పటికి ఆరేళ్ళు దాటింది. గోడ ఎంత నీటిని ఆపిందన్న ప్రశ్న కింది కోర్టుకు తిరిగి వెళ్ళింది.

టెక్సాస్‌లో ఇంకో చిక్కు ఉంది. పొరుగువాడు నీటి దారి మళ్ళించి మీ పొలం ముంచితే రాష్ట్ర జల చట్టం కింద అతని మీద నేరుగా దావా వేయవచ్చు. అదే పని ప్రభుత్వం చేస్తే, నష్టం జరిగి తీరుతుందని తెలిసే చేసిందని చూపాలి. 2016లో హ్యూస్టన్‌లోని వైట్ ఓక్ బయూ ఎగువన ఉండే 400 మంది ఇళ్ళవాళ్ళు ఈ గట్టు దగ్గరే రాష్ట్ర సుప్రీంకోర్టులో ఓడిపోయారు. కౌంటీ చేయాల్సింది చేయలేదన్నదే వాళ్ళ ఫిర్యాదు, అది చాలదన్నారు. ఆ లెక్కన చూస్తే విన్నీవాళ్ళ చేతిలో బలమైన ముక్కే ఉంది. నీటిని ఆపడానికే కట్టిన గోడ ఆపిన నీరు ఎటు పోతుందో కట్టినవాళ్ళకు తెలియదనడం కష్టం.

పక్కనే లూజియానాలో ఐ-12 మీదా ఇదే గొడవ. 2016 ఆగస్టు వరదల్లో ఐ-12 కాంక్రీటు డివైడర్ నీటిని ఆపి ముంపు పెంచిందని వాకర్ అనే ఊరి మునిసిపాలిటీయే రాష్ట్ర రవాణా శాఖ మీద దావా వేసింది. అదే రోడ్డు మీద ఇంకా పాతది మరొకటుంది: 1983లో టాంజిపహోవా నది దగ్గర మునిగినవాళ్ళు వంతెన కట్టను తప్పుపట్టి కేసు వేసి గెలిచారు. కానీ అక్కడ ప్రభుత్వం మీద గెలిచిన సొమ్ము శాసనసభ కేటాయిస్తేనే వస్తుంది. దశాబ్దాలు ఎదురుచూశారు. ఈలోగా ఎంతోమంది కాలం చేశారు.

మరి గోడకు పెద్ద గండ్లు పెడితే సరిపోదా? కాంక్రీటు బదులు స్తంభాలకు ఉక్కు తీగలు కట్టే కేబుల్ డివైడర్ పెడితే లారీని ఆపుతుంది, నీటిని వదిలేస్తుంది. అయితే నీరు మాయం కాదు. ఉత్తరాన తగ్గిన అడుగు దక్షిణాన ఎంతో కొంత పెరుగుతుంది, రోడ్డూ మునుగుతుంది. అప్పుడు దక్షిణం వైపు వాళ్ళు కోర్టుకెక్కుతారు. రోడ్డును స్తంభాల మీద ఎత్తుగా కట్టడం అందరికీ మంచిది, ఖర్చు దగ్గరే ఆగిపోతుంది.

నా అభిప్రాయం అడిగితే, ఆ నేలను ముంచే హక్కును ముందే కొనుక్కోవాల్సింది. ఆనకట్ట కడితే ముంపు భూమికి డబ్బు కట్టాలని మనకు నాగార్జునసాగర్ నాటి నుంచీ తెలుసు. ఎంత అందింది, ఎప్పుడు అందింది అన్నది వేరే కథ. పోలవరం బ్యాక్‌వాటర్ ఎక్కడి దాకా వస్తుందని తెలంగాణ, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ ఇప్పటికీ అడుగుతున్నది కూడా అదే లెక్క. మూడడుగులదైనా ఆనకట్ట ఆనకట్టే. ఇల్లు మునిగాక కోర్టు ఇప్పించే పరిహారం కన్నా ముందుగా కొనే హక్కు చవక కూడా.

హ్యూస్టన్ చుట్టుపక్కల మనవాళ్ళలో ఎక్కువమంది ఉండేది వరి చేలలో కాదు, కేటీలో, షుగర్‌ల్యాండ్‌లో. అక్కడి కథ డివైడర్లది కాకపోయినా గట్లదే. హార్వీలో ఆడిక్స్, బార్కర్ రిజర్వాయర్ల వెనుక మునిగిన ఇళ్ళ విషయంలో ఫెడరల్ కోర్టు 2019 డిసెంబరులో ప్రభుత్వానిదే బాధ్యత అంది. ఇల్లు రిజర్వాయర్ ముంపులో ఉందని కొనేటప్పుడు చాలామందికి తెలియదు. 2019 సెప్టెంబరు నుంచి టెక్సాస్‌లో ఇల్లు అమ్మేవాళ్ళు గతంలో మునిగిందా, రిజర్వాయర్ ముంపు పరిధిలో ఉందా అన్నవి రాసి ఇవ్వాలి. ఆ కాగితాన్ని వంటింటి గ్రానైట్ చూసినంత శ్రద్ధగా చూడండి. మామూలు ఇంటి ఇన్సూరెన్స్‌లో వరద ఉండదు. విడిగా తీసుకునే ప్రభుత్వ పాలసీ ఇంటికి రెండున్నర లక్షల డాలర్ల దగ్గర ఆగిపోతుంది, అదీ సాధారణంగా తీసుకున్న 30 రోజుల తర్వాతే అమల్లోకి వస్తుంది.

ఇంటి దగ్గరి హైవేను వెడల్పు చేస్తున్నారని పబ్లిక్ మీటింగ్ నోటీసు వస్తే మనం సాధారణంగా అడిగేది రెండే: శబ్దం ఎంత, ఎన్నాళ్ళు పని. మూడోది డ్రైనేజీ రిపోర్టు. కొత్త డివైడర్ కాంక్రీటా, కేబులా, పాత పట్టికల వానతో లెక్క వేశారా, 2018 పట్టికలతోనా, రోడ్డుకు రెండు వైపులా నీటిమట్టం ఇప్పుడెంత, కట్టాక ఎంత. గడువులోగా రాతపూర్వకంగా ఇచ్చిన ప్రశ్న ఫైల్లో ఉంటుంది. రేపు ‘మాకు తెలియదు’ అనే మాట వచ్చినప్పుడు ఆ కాగితం తీయవచ్చు.